కాజీపేట దొంగల గురించి నేను చేసిన హెచ్చరిక

ఆ రోజుల్లో సూట్‌కేసులకు చక్రాలు ఉండేవి కావు. చేత్తో మోయాల్సిందే. అందుకే మా వైపు ఇళ్లల్లో ఒక పద్ధతి ఉండేది. చుట్టం బండి దిగీ దిగగానే ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు పరుగెత్తుకెళ్లి ఆయన చేతిలో సంచీ గుంజుకోవాలి. చుట్టం తన బరువు తానే మోసుకుంటూ గడప దాకా వచ్చాడంటే ఆ ఇంటి పరువు పోయినట్టే. చుట్టం కూడా ఊరికే ఇచ్చేయకూడదు. "వద్దొద్దు, నేను తెస్త తియ్యి" అని గట్టిగా పట్టుకోవాలి. మనం ఇంకా గట్టిగా గుంజాలి. ఆయన మళ్లీ లాగాలి. ఎంత పెనుగులాడితే అంత మర్యాద అన్నమాట. మా చిన్నాయన ఈ విద్యలో ఆరితేరినవాడు. ఒకసారి మా మేనమామ సంచీ పిడి ఊడి చిన్నాయన చేతికి వచ్చేసింది. ఇంటిల్లిపాదీ ఆయన్ని మెచ్చుకున్నారు (మేనమామ కూడా, పిడి కుట్టించుకుంటూనే).

నేను అప్పుడే బి.ఏ. పాసై ఉద్యోగం కోసం చూస్తున్నాను. ఇంగ్లీషులో ఒక వాక్యం మొదలుపెడితే దాన్ని ముగించగలిగినవాణ్ని మా బలగం మొత్తంలో నేనొక్కణ్నే. ఒక ఇంటర్వ్యూ కోసం కొత్త సూట్‌కేసు కొన్నాను. అందులో ఇస్త్రీ చేసిన బెల్‌బాటం ప్యాంటు, నాయనమ్మ కాల్చిన సకినాల డబ్బా పెట్టుకుని కాజీపేట స్టేషన్లో బండి కోసం నిలబడ్డాను. ఒకాయన నవ్వుతూ వచ్చాడు. "ఇటియ్యి తమ్మీ, బరువున్నట్టున్నది. నేను పట్టుకుంట, నువ్వు పోయి నీళ్లు తాగిరా" అన్నాడు. పెంపకం అలాంటిది కదా, నేను "వద్దొద్దు" అని మర్యాదకు ఒకసారి లాగి ఇచ్చేశాను. నీళ్లు తాగి వచ్చేసరికి ఆయనా లేడు, సూట్‌కేసూ లేదు. ఆ ప్యాంటు ఆయనకు సరిపోయిందో లేదో కానీ సకినాలు మాత్రం తప్పకుండా నచ్చి ఉంటాయి. అప్పటినుంచి దొంగల విషయంలో నన్ను నేను పెద్ద పండితుణ్ని అనుకోవడం మొదలుపెట్టాను.

ఇక నాయనమ్మ సంగతి చెప్పాలి. ఆమె వయసులో ఉన్నప్పుడు మిషన్ దవాఖానలో ఆయాగా చేసేది. అక్కడ నర్సుగా ఉన్న ఒక ఇంగ్లండు దొరసానికి కూతురు పుట్టింది. తల్లి పగలూ రాత్రీ రోగుల దగ్గర ఉంటే ఆ పిల్ల నాయనమ్మ చంకలోనే పెరిగింది. ఆమె చేతి ముద్దలు తిన్నది, ఆమెతో తెలుగే మాట్లాడింది. పిల్లకు ఐదో ఏడు దాటుతుండగా వాళ్లు ఓడెక్కి వెళ్లిపోయారు. ఆ పిల్లకు దిష్టి తగలకుండా రోజూ సాయంత్రం నాయనమ్మ రెండు చేతులతో ముఖం నిమిరి, ఆ వేళ్లను తన కణతలకు ఆనించి పటపటా మెటికలు విరిచేదట. మా పాస్టరయ్యగారికి ఈ పని నచ్చేది కాదు. "దేవుని బిడ్డలకు దిష్టేందమ్మా?" అని మందలించేవారు. "దేవుని బిడ్డలకే గదయ్యా ఎక్కువ తాకేది" అని నాయనమ్మ ఆయన ముఖం కూడా నిమిరి మెటికలు విరిచేది.

ఆ పిల్ల నలభై ఏళ్ల తర్వాత, భర్తతో కలిసి దేశం చూడ్డానికి వస్తున్నదని, నాయనమ్మ బతికే ఉంటే చూసిపోతానన్నదని దవాఖాన నుంచి కబురొచ్చింది. నాయనమ్మ కళ్లల్లో అప్పటికే పొర కమ్ముతోంది. "నా కండ్లు మూసుకపోకముందే ఒక్కసారి సూస్తే సాలు ప్రభువా" అని రోజూ ప్రార్థనలో అడిగేది. మేం దొరసాని వస్తోందని అంటే మాత్రం కోపం. "దొరసానేంది? నా బిడ్డ" అనేది. సికింద్రాబాదు వెళ్లి వాళ్లను వెంటబెట్టుకు వచ్చే పని, ఇంగ్లీషు పుణ్యమా అని, నా మీద పడింది.

ఇద్దరూ ఎంతో మంచివాళ్లు. జనాన్ని చూడాలని సెకండ్ క్లాసులోనే ఎక్కారు. బండి కదలగానే ఆమె మొహమాటపడుతూ అడిగింది. "మావాళ్లంతా భయపెట్టి పంపించారు. ఇక్కడ ప్రయాణాల్లో దొంగలు ఎక్కువట కదా, నిజమేనా?" దేశభక్తి ఉన్న యువకుడెవరైనా ఆ మాటకు అబ్బే, అదంతా గిట్టనివాళ్ల ప్రచారం అని ఉండేవాడు. నాకూ దేశభక్తి ఉండేది. కానీ సూట్‌కేసు పోయి అప్పటికి నెల కూడా కాలేదు. పైగా ఇన్నాళ్లకు నా ఇంగ్లీషుకు ఒక మంచి విషయం దొరికింది. భువనగిరి దాటేసరికి జేబుదొంగల గురించి, ఆలేరు దాటేసరికి గొలుసు దొంగల గురించి పూర్తి చేశాను. దొర పెన్సిలుతో రాసుకోవడం మొదలుపెట్టాడు. దాంతో నా ఉత్సాహానికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి.

ఎదురుగా కేసముద్రం పత్తి సావుకారి ఒకాయన కూర్చున్నాడు. ఆయన తన ట్రంకు పెట్టెను గొలుసుతో బెర్తుకు కట్టేసి, తాళంచెవి మొలతాడుకు ముడేసుకున్నాడు. నేనేం చెబుతున్నానో అర్థం కాగానే ఆయనా ముందుకు జరిగాడు. "బిస్కెట్ల ముచ్చట చెప్పినవా తమ్మీ? నవ్వుకుంట బిస్కెట్ ఇస్తరు. తిన్నవనుకో, మల్ల ఖమ్మంల కండ్లు తెరుస్తవు" అన్నాడు. అనువదించాను. జనగామలో ఎక్కిన ఒకామె, తన తోడికోడలు ముక్కుపుడక నిద్రలో ఎలా పోయిందో చెప్పింది. అదీ అనువదించాను. ఎవరికి వాళ్లు తమ ఇంట జరిగిన దొంగతనాన్ని తెచ్చి ముందు పెడుతున్నారు. అందరి గొంతులోనూ కాస్త గర్వం కూడా ఉంది. సావుకారి జాలిపడి వాళ్ల పెద్దపెట్టెను కూడా తన గొలుసుకే కలిపి తాళం వేశాడు.

చివరగా నా సొంత అనుభవం చెప్పాను. "కాజీపేట దొంగ దొంగలా ఉండడు. నవ్వుతూ, చుట్టంలా ఎదురొస్తాడు. బరువు నేను మోస్తానని సంచీ పట్టుకుంటాడు. అస్సలు వదలొద్దు. గట్టిగా పట్టుకుని 'దొంగ' అని అరవండి" అన్నాను. ఆ తెలుగు మాట నేర్పించాను కూడా. ఇద్దరూ బుద్ధిగా పలికారు. జనగామ ఆమెకు అది ఆనలేదు. "గట్ల గాదమ్మా, గొంతు తీసి ఒర్రాలె. దొం...గా!" అని తానే అరిచి చూపించింది. ఘన్‌పూర్‌లో బండి ఆగినప్పుడు మా బోగీలోంచి ఇద్దరు తెల్లవాళ్లు ఒక్క గొంతుతో "దొంగా!" అని సాధన చేస్తుంటే ప్లాట్‌ఫాం మీద టీ అమ్మే అతను కెటిల్ ఎత్తుకుని పరుగు తీశాడు.

మడికొండ గుట్ట కనపడింది. బండి నెమ్మదించి కాజీపేటలోకి ఒదిగింది. కిటికీలోంచి చూద్దును కదా, మా బలగమంతా వరసగా నిలబడి ఉంది. పూలదండలతో అత్త, చర్చి పెద్దలు, తెల్లచీర కట్టుకున్న నాయనమ్మ. అందరికంటే ముందు చిన్నాయన, తువ్వాలు నడుముకు బిగించి, మునివేళ్ల మీద నిలబడి, ఎప్పుడెప్పుడు సంచీ గుంజుదామా అని చూస్తున్నాడు. ముఖం నిండా నవ్వు. అచ్చం చుట్టంలా. "వాళ్లు మావాళ్లే" అని అరుద్దామనుకునేసరికి దంపతులిద్దరూ చేతిసంచులతో దిగిపోయారు. నేను దిగబోతే దొరగారి పెద్దపెట్టె గొలుసులో ఉంది. తాళంచెవేమో సావుకారి మొలతాడులో ఉంది.

అంతలోనే అయిపోయింది. చిన్నాయన వెళ్లి దొర చేతిసంచీ పట్టుకున్నాడు. దొర వదల్లేదు. వదలకపోతే మర్యాదకనుకుని చిన్నాయన ఇంకా గుంజాడు. దొర ఇంకా బిగించాడు. ఇంగ్లండువాళ్లకు కూడా మన పద్ధతి తెలుసునని చిన్నాయన మహా సంబరపడి, రెండు చేతులూ వేసి లాగాడు. ఈలోపు నాయనమ్మ మసక కళ్లతో తడుముకుంటూ తన బిడ్డ దగ్గరికి వెళ్లి, "ఇటియ్యి బిడ్డా, అలిసిపోయినవ్" అని భుజం మీది సంచీ పట్టుకుంది. ఆమె సంచీని గుండెకు అదుముకుని, జనగామ ఆమె నేర్పినట్టే గొంతు తీసి, నాయనమ్మ ముఖంలోకి చూస్తూ అరిచింది. "దొం...గా!"

ఆ కేక వినగానే మా బోగీ మొత్తం కిటికీల్లోంచి బయటికి వంగింది. సావుకారి ఒక్క దూకు దూకి చిన్నాయన కాలరు పట్టుకున్నాడు. "దొరికిండు! తమ్మి చెప్పినోడు వీడే!" అన్నాడు. రైల్వే పోలీసు హెడ్డు వచ్చాడు. "ఒక్క సంచికి ఇంతమంది వచ్చిన్రా? దండలు గూడ తెచ్చిన్రు!" అని ఆశ్చర్యపోయి అందర్నీ ప్లాట్‌ఫాం చివరి గదికి నడిపించాడు. కాజీపేటలో బండి చాలాసేపు ఆగేది కాబట్టి సరిపోయింది. సావుకారి సాక్ష్యం చెప్పాలని తాళంచెవితో సహా మా వెంటే వచ్చాడు.

గదిలో నేను ఆయాసపడుతూ రెండు భాషల్లోనూ విషయం చెప్పాను. ఇంగ్లీషులో వాక్యాలు ముగించగలనన్న నా గర్వం ఆ రోజుతో సరి, ఒక్కటీ ముగియలేదు. దొర చల్లబడ్డాడు కానీ ఆమె మాత్రం వణుకుతూనే ఉంది. గోడవైపు తిరిగి ఏడుస్తూ, తనకు ఇంకేమీ చూడాలని లేదని, తర్వాతి బండికి సికింద్రాబాదు వెళ్లిపోతానని అన్నది. నలభై ఏళ్లుగా ఎదురుచూసిన మనిషి ఇవతల స్టూలు మీద కూర్చుని ఉంది.

"ఏమంటాందిరా?" అని నాయనమ్మ అడిగింది.

నేను కిందికి వంగి దొర చేతిసంచీ పిడి సరిచేయడం మొదలుపెట్టాను. చిన్నాయనకు నా మీద కోపం తన్నుకొచ్చింది. "ఏం జెప్పుకుంట తోలుకొచ్చినవ్ రా వీళ్లను? మా అవ్వను పట్టుకొని దొంగ అంటదా?" అన్నాడు.

"ఊకో" అంది నాయనమ్మ. "తెలుగు మరువలే, సూడు. ఎంత మంచిగ అన్నదో. నోరు ఇంక తిరుగుతాంది నా బిడ్డకు."

అంటూనే లేచి, గోడ పట్టుకుని నడిచి, ఏడుస్తున్న ఆమె ఎదురుగా నిలబడింది. హెడ్డు వద్దమ్మా అంటున్నా వినలేదు. రెండు చేతులూ చాచి, ఏడ్చి ఎర్రబడ్డ ఆ ముఖాన్ని నుదురు నుంచి గడ్డం దాకా మెల్లగా నిమిరి, ఆ వేళ్లను తన కణతలకు ఆనించి విరిచింది. గదంతా వినపడేలా మెటికలు పటపటా విరిగాయి.

ఆమె ఏడుపు ఆపేసింది. నోరు తెరుచుకుని నాయనమ్మ చేతులవైపే చూసింది. తర్వాత తన చేతులు ఎత్తి, నాయనమ్మ ముడతల ముఖాన్ని అలాగే నిమిరి, వేళ్లను తన కణతలకు ఆనించి విరిచింది. ఒకటో రెండో చప్పుడయ్యాయి, అంతే. తన పిల్లలకు చిన్నప్పుడు రోజూ పడుకునే ముందు ఇలాగే చేసేదాన్నని, ఇది ఎక్కడ నేర్చుకుందో తనకే తెలియదని ఆమె భర్తతో చెబుతోంది. నాకు అనువదించే అవసరం రాలేదు. నాయనమ్మ ఆమెను కావలించుకుని, చంకలో ఉన్న పసిపిల్లను ఊపినట్టు ఊపుతోంది. సావుకారి తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, పెద్దపెట్టె విప్పి దింపడానికి బండివైపు పరుగెత్తాడు. హెడ్డు దండలు తెమ్మని తానే కేకేశాడు. ఆమె తన భుజం మీది సంచీ తీసి నాయనమ్మ చేతిలో పెట్టింది. నాయనమ్మ దాన్ని ఎవరికీ ఇవ్వకుండా, ఎవరు గుంజినా వదలకుండా, ఇంటి దాకా తానే మోసింది.

వాళ్లు ఆ వారమంతా మా ఇంట్లోనే ఉన్నారు. ఆమె రోజూ నాయనమ్మ పక్కనే చాపమీద పడుకునేది. వెళ్లేరోజు స్టేషన్లో చిన్నాయన సంచీ పట్టుకుంటే ఆమె గట్టిగా లాగి, "వద్దొద్దు, నేను తెస్త తియ్యి" అన్నది, మా యాసలోనే. చిన్నాయన ఆ మాట చచ్చేదాకా చెప్పుకున్నాడు. నాయనమ్మ కళ్లు ఆ తర్వాత ఏడాదికే పూర్తిగా పోయాయి. "సూసిన గద, ఇంకేం గావాలె" అనేది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా కళ్లు చెమరుస్తాయి.

ఈ మధ్య కూడా కాజీపేటలో దిగాను. ఇప్పుడు సూట్‌కేసుకు నాలుగు చక్రాలు, వేలు ఆనిస్తే చాలు, అదే వస్తుంది. మనవడు ఫోన్ చేసి, "తాతా, పార్కింగ్‌ల ఉన్న, బయటికి రా" అన్నాడు. సరేనన్నాను కానీ వెంటనే కదల్లేదు. జనమంతా ఎవరి చక్రాలు వాళ్లు దొర్లించుకుంటూ పోతుంటే, నేను పిడి మీద చెయ్యి కొంచెం వదులు చేసి కాసేపు నిలబడ్డాను. ఎవరైనా నవ్వుతూ ఎదురొచ్చి "ఇటియ్యి తమ్మీ" అంటారేమోనని. దొంగైనా సరే. ఈ వయసులో నన్ను తమ్మీ అనేవాడు దొరికితే, "వద్దొద్దు, నేను తెస్త తియ్యి" అని మర్యాదకు ఒక్కసారి గుంజి, ఇచ్చేద్దామనుకున్నాను.