మాటల్లేని పద్యం

మా తాత మద్రాసు నుంచి పియానో తెప్పించినప్పుడు, అది తలుపులో పట్టకపోతే మార్కాపురంలోని మా ఇంటి గోడ పగలగొట్టించి లోపలికి తెచ్చి, మళ్ళీ గోడ కట్టించాడు. తర్వాత పొలాలు పోయాయి, గుర్రబ్బండి పోయింది, వెండి సామాను పోయింది. గోడ పగలగొట్టే ఓపిక ఎవరికీ లేక పియానో మాత్రం మిగిలింది. చెద పట్టకుండా దాని కాళ్ళ కింద పలకరాతి బిళ్ళలు వేసి ఉంచాం.

నాకు వాయించడం నేర్పింది మిషను బంగళా దొరసాని. ఆమె నేర్పిన వాటిలో ఒకటి నాకు ప్రాణం. నెమ్మదిగా మొదలై, ఒక స్వరం మీద ఊపిరి బిగబట్టినట్టు ఆగి, ఉన్నట్టుండి వానలా దిగేది. "లెక్క పెట్టకు. మనసు ఆగిన చోట ఆగు" అనేది దొరసాని.

శ్రీరామనవమికి మా సావిట్లో పానకం పంచడం తాతనాటి ఆచారం. ఆ ఏడు పానకం తర్వాత నేను పియానో ముందు కూర్చున్నాను. ఆస్తి పోయాక నలుగురిలోకి రావడం మానేసిన నాయన, నా కోసం వచ్చి తాత కుర్చీలో కూర్చున్నాడు. భజన గురువు ముందు వరసలో ఉన్నాడు. మా ఊళ్ళో ఎవరు పాడినా తాళం వేయడం ఆయన హక్కు. వేశాడు. నేను ఆ స్వరం దగ్గర ఆగాను, ఆయన తాళం ఆగలేదు. నేను దిగేసరికి ఆయన ఎక్కడో ఉన్నాడు.

"చిన్నయ్యా, తాళం తప్పినావు!"

"తప్పలేదు మామా. దాని నడకే అట్ల."

"తాళం లేని పాట ఏంది నాయనా? కట్ట లేని చెరువా?"

వెనక నుంచి ఇంకెవరో అందుకున్నారు. "గోడ ఇంకోసారి పగలగొట్టండయ్యా, బయటికి పంపిద్దాం!"

సావిడంతా నవ్వింది. నాయన లేచి లోపలికి వెళ్ళాడు. ఆ తర్వాత సావిట్లో అడుగు పెట్టలేదు. అదే జనం ముందు ఆయనను మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి. నాకు ఇంకే కోరికా లేకపోయింది.

తాళానికి ఒదిగే కవాతు పాట వాయించమంది దొరసాని. నేను ఒప్పుకోలేదు. మా తాత పియానోను కోయించలేదు, గోడ పగలగొట్టించాడు.

దసరాకు గిద్దలూరు నుంచి నాటకం వాళ్ళు వచ్చారు. రాజు వేషగాడు పద్యం ఎత్తుకుని, చివరి మాట దగ్గర రాగం సాగదీస్తూ పోయాడు. భజన గురువు వైపు చూశాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటున్నాడు. పద్యానికి తాళం ఎవరు వేస్తారు? రాగం దిగగానే "వన్స్ మోర్!" అని మొదట అరిచింది ఆయనే.

మర్నాడే ఆయనతోపాటు నవమినాటి జనాన్నంతా పిలిపించాను. తాత కుర్చీ తుడిపించి వేయించాను. అది ఖాళీగానే ఉంది. నాయన లోపలి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

"మామా, ఇది కీర్తన కాదు, పద్యం. మాటల్లేని పద్యం."

"పద్యమా? ఆ మాట నవమినాడే చెప్పొద్దా, నన్ను నవ్వులపాలు జేస్తివి!" అంటూ తాళాలు తువ్వాలులో చుట్టేశాడు.

వాయించాను. ఆ స్వరం దగ్గర ఎన్నడూ ఆగనంతసేపు ఆగాను. సావిట్లో ఒక్కరూ దగ్గలేదు. భజన గురువు తల మెల్లగా పైకి లేచి, స్వరంతోపాటు గాలిలో నిలిచిపోయింది. అప్పుడు దిగాను. రెండు చేతులా, పియానో మెట్లన్నీ మోగేలా దిగాను.

"ఆహా! వన్స్ మోర్!" భజన గురువు లేచి నిలబడ్డాడు. వెనక వరసలూ అందుకున్నాయి.

నేను వెన్ను నిటారుగా పెట్టుకుని గుమ్మం వైపు చూశాను. నాయన జనం మధ్య నుంచి నడిచి వచ్చి, ఉత్తరీయం సర్దుకుని తాత కుర్చీలో కూర్చున్నాడు.

"అడుగుతున్నారు గదా, ఇంకోసారి వాయించు" అన్నాడు. "ఈసారి ఇంకాస్త ఆగు."