ఎడమ చెవి జాలీ

క్యాంటీన్‌లో ఎవరో వేడి చాయ్ గ్లాసు మీద ప్లాస్టిక్ మూత పెట్టి మర్చిపోయారు. అది మెత్తబడుతున్న వాసన నేను కూర్చున్న బల్ల దాకా వచ్చింది. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోని ఈ ఫ్యాక్టరీలో చేరి మూడేళ్లయింది. అయినా ఆ వాసనకు మస్తాన్ భాయ్ గుర్తొచ్చాడు. ఆయన గుర్తొస్తే నాకు ముందు కలిగేది విసుగు. గౌరవం ఆ తర్వాత, తీరిగ్గా వస్తుంది.

2014లో బర్ దుబాయ్‌లో బట్టల కొట్ల మధ్య ఒక ఫోన్ రిపేరు షాపులో కుదిరాను. చేతిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా, పాస్‌పోర్టులో విజిట్ వీసా. నన్ను ఉంచాలో పంపాలో చెప్పవలసింది అక్కడి పాత మెకానిక్ మస్తాన్ భాయ్. ఆయన సరేనంటేనే ముదీర్, అంటే మేనేజరు, పని వీసా వేయిస్తాడు. భాయ్‌ది కడప. యాభై దాటిన మనిషి, చదివింది ఏడో తరగతి.

చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్ మూతికి చిన్న ఉక్కు జాలీ ఉంటుంది. గులిమి, చెమట, దుమ్ము కలిసి అది మూసుకుపోతే శబ్దం సన్నగిల్లుతుంది. జిగురుతో అంటించి ఉంటుంది కనుక ఊడి రాదు. నేను చేరిన వారంలోనే దానికి పదకొండు మెట్ల పట్టిక రాసి గోడకు అంటించాను. ఎన్ని డిగ్రీల వేడి, ఎన్ని సెకన్లు, సూది ఏ కోణంలో, అన్నీ ఉన్నాయి. భాయ్ అది మొత్తం చదివి, దాని మీదే తన చొక్కా తగిలించాడు. ఆయన ఇయర్‌ఫోన్‌ను పలుచటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి చాయ్ గ్లాసుకు ఆనించేవాడు. జిగురు మెత్తబడ్డాక మూతిని కిందికి తిప్పి పట్టుకుని, సూదితో జాలీ అంచు లేపేవాడు. ఆ చాయ్ ఎప్పుడూ నాదే. ఒకరోజు కొలిచి చూస్తే గ్లాసు వేడి అరవై డిగ్రీలుంది. నా పట్టికలోని అంకె కూడా అదే. ఆ సంగతి చెబితే, "అట్లయితే చాయ్ ఉండంగ పట్టిక ఎందుకబ్బీ" అన్నాడు.

అంతకంటే విసిగించేది ఇంకొకటి ఉంది. ఏ ఇయర్‌ఫోన్ వచ్చినా తుడిచి, తన చెవిలో పెట్టుకుని, ఒక్కో వైపూ ఒక పాట పూర్తిగా వినేవాడు. కౌంటర్ ముందు నలుగురు నిలబడి ఉన్నా అంతే. పది సెకన్ల శబ్దం చాలని ఎన్నోసార్లు చెప్పాను. వినేవాడు, పాటను.

నా వీసా గడువు రెండు వారాలుందనగా, ఒక బుధవారం సత్తన్న వచ్చాడు. జగిత్యాల మనిషి, అల్ ఖూజ్‌లో వడ్రంగి, రాత్రి షిఫ్టు. ఎనిమిది మంది గదిలో పగలు పడుకోవాలి కనుక, చెవుల్లో పాట లేకపోతే నిద్ర లేదు. రెండు జాలీలూ మూసుకుపోయాయి. భాయ్ యథాప్రకారం రెండు పాటలు విని, దాన్ని బల్ల మీద పెట్టి నమాజుకు వెళ్లాడు. ఆయన వచ్చేలోగా ముగించి చూపిస్తే వీసా ఖాయమనుకున్నాను. పట్టిక ప్రకారం ఒక్కో మెట్టూ చేశాను. ఎడమ జాలీ కదల్లేదు. కదలకపోతే ఏం చేయాలో పట్టికలో లేదు. సూదిని ఇంకాస్త నొక్కాను. జాలీ లోపలికి దిగి, శబ్దం పుట్టించే పలుచటి పొరను చీల్చింది. ఖలాస్. రిజిస్టరు తెరిచి, ఎడమ వైపు వచ్చేటప్పటికే పనిచేయడం లేదని అందమైన అక్షరాలతో రాశాను.

భాయ్ తిరిగొచ్చి ఆ వరుస చదివాడు. "ఇందాక ఆ చెవిలో పాటంతా వింటిని గదబ్బీ" అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది.

శుక్రవారం ఆ ఇయర్‌ఫోన్ జేబులో వేసుకుని, నన్ను అల్ ఖూజ్‌లో సత్తన్న గదికి బయల్దేరదీశాడు. బస్సులో మూడు ప్రతిపాదనలు పెట్టాను. ఒకటి, మాట్లాడకుండా కొత్తది కొనిద్దాం. రెండు, భాయే చెప్పాలి. మూడు, ఫోన్ చేద్దాం. ఆయన కిటికీలోంచి చూస్తూ, "కొత్తది తర్వాత ఇద్దువులే. ముందు నోరు తెరిచి చెప్పు" అన్నాడు.

చెప్పాను. నేనే పాడుచేశానని, రిజిస్టర్‌లో అబద్ధం రాశానని. రెండోది సత్తన్న అడగలేదు, కానీ భాయ్ నా వెనకే నిలబడి ఉన్నాడు.

సత్తన్న నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "డిప్లొమా చదివినోనివి గదా తమ్మీ. కుడిదన్న ఉన్నదా, గదీ తిన్నవా?"

గదంతా నవ్వింది. భాయ్ జేబులోంచి ఇయర్‌ఫోన్, సంచి, సూది, కొత్త జాలీ తీసి నా చేతిలో పెట్టి, చాయ్ ఉందా అని సత్తన్ననే అడిగాడు. ఎనిమిది మంది చూస్తుండగా కుడి జాలీ తీయడం మొదలుపెట్టాను. అది కదల్లేదు. నా వేలు బిగుసుకోవడం భాయ్ చూశాడు. "నొక్కగాకు. మళ్లా వేడి పెట్టు" అన్నాడు. రెండోసారీ రాలేదు. మూడోసారి అంచు లేచింది. కొత్త జాలీ అతికించి ఇస్తే సత్తన్న చెవిలో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "ఇనవడ్తంది. కొత్తది తెచ్చేదాంక ఒక్క చెవితోనే పండుకుంట. యల్లా, ఇగ పోండ్రి."

తిరుగు బస్సులో ఇక ఆగలేక నా వీసా సంగతేమిటని అడిగాను.

"సోమవారమే ముదీర్‌కు చెప్తిని గదా, నువ్వు ఉంటావని."

"మరి రెండు రోజులుగా నన్నెందుకు ఉడికిస్తున్నారు భాయ్?"

"వీసా ముదీర్‌తో పని. ఇది సత్తన్నతో పని. రెండూ కలపగాకు."

ఇప్పుడు ఈ ఫ్యాక్టరీలో పాడైన సరుకుకు నేను నింపే ఫారంలో లోపానికి కారణం అని ఒక గడి ఉంటుంది. రవాణాలో దెబ్బతిన్నదని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. నిజం రాస్తే మూడు సంతకాలు, రెండు సంజాయిషీలు, ఒక మీటింగు. ప్రతిసారీ ఆ మనిషి మీద ఒళ్లు మండుతుంది. మా చేతిలోనే పాడైందని రాసి, మీటింగుకు వెళతాను.