ద్రాక్షారిష్టం సీసాలో పోసిన వైన్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది సంగతి. అప్పటికి హరూర్‌లో నా మందుల షాపు ఊరికి బాగా అలవాటైంది. అడగకపోయినా చెబుతాననీ, చెప్పింది వినకపోతే తిడతాననీ నాకు పేరుంది. ఫార్మసీ చదివింది మాత్రలు లెక్కపెట్టి ఇవ్వడానికి మాత్రమే కాదు కదా.

రంగనాథం శెట్టియారుది బస్టాండు దగ్గర పచారీ కొట్టు. గుండెలో వాల్వ్ చెడిపోతే సేలంలో లోహపు వాల్వ్ పెట్టించుకొని వచ్చారు. అలాంటివాళ్లు బతికినంత కాలం బ్లడ్ థిన్నర్, అంటే రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర, వేసుకోవాలి. మోతాదు సరిపోయిందో లేదో ఐఎన్ఆర్ అనే రక్తపరీక్షలో తెలుస్తుంది. ఆ అంకె మరీ పెరిగితే కారే రక్తం ఆగదు. మరీ తగ్గితే వాల్వ్ దగ్గర గడ్డ కడుతుంది.

చాలాకాలం కుదురుగా ఉన్న ఆయన అంకె ఉన్నట్టుండి పెరిగింది. ధర్మపురి డాక్టరు "తాగుడు అలవాటుందా" అని అడిగితే భార్యాభర్తలిద్దరికీ కోపం వచ్చిందట. సారాయి వాసన వస్తే వీధి మార్చే ఇల్లు అది. డాక్టరు ఇంకేమీ అడగకుండా మాత్ర మోతాదు తగ్గించాడు.

ఆ చీటీ పట్టుకొని ఆయన భార్య పద్మావతక్క వచ్చింది. "చిగుళ్లకు ఏదన్నా పేస్టు ఇయ్యిమా. పల్లు తోమితే రగతం వస్తా ఉండాది" అంది.

"మాత్రలు కాక ఇంకేం తాగిస్తా ఉండావు అక్కా?"

"ద్రాక్షారిష్టం. అది నాటుమందు, ఏమీ చెయ్యదు."

ఆయుర్వేదపు అరిష్టాల్లో కూడా పులిసి పుట్టిన ఆల్కహాల్ కొంత ఉంటుంది. సీసా తెమ్మన్నాను. తెచ్చింది. మూత తీసి వాసన చూస్తే అది అరిష్టం కాదు.

"ఇదేమి అక్కా?"

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "వైన్. అయితే ఆర్గానిక్‌మా. గుండెకు చాలా మంచిదని ఫోన్‌లో పెద్ద పెద్ద డాక్టర్లు చెప్తా ఉండారు. నా తమ్ముడు బెంగళూరు నుంచి తెచ్చిచ్చినాడు. ఆ సీసా ఇంట్లో కనపడితే చుట్టాలు, సొందక్కారులు నవ్వరా? అందుకే దీంట్లో పోసినాను."

"ద్రాక్షతోటకు పురుగుమందు కొట్టలేదు, ఆర్గానిక్ అంటే అంతే. లోపలుండే ఆల్కహాల్ ఎక్కడైనా ఒకటే. అది గుండెకు మంచిదన్న మాటే తేలలేదు. తేలినా, ఈ మాత్ర వేసుకునే మనిషికి ఆ లెక్క పనికిరాదు. కొందరికి అది మాత్ర జోరు పెంచుతుంది. రక్తం ఊరికే వస్తుందా?"

"రోజూ చిన్న గ్లాసు, అంతేమా."

"ఆయనకు తెలుసా?"

"అయ్యో, తెలిస్తే నా చేతి నీళ్లు కూడా తాగరు. అరిష్టమనే పోస్తా ఉండాను."

డాక్టరుకు చెప్పకుండా వైన్ పోస్తూ ఉండవద్దన్నాను, చెప్పకుండా ఆపనూ వద్దన్నాను. సరే సరే అంటూ సీసాను కొంగు కింద దాచుకొని వెళ్లింది.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. ముఖం తేటగా ఉంది. "నిలిపేసినానుమా. రగతం కూడా రాలేదు."

"డాక్టరుకు చెప్పినావా?"

"నిలిపేసినాక చెప్పేది ఏమిటికి? ఊరికే మానం పోగొట్టుకొనేకా?"

నాకు ఒళ్లు మండింది. "వైన్ లోపలున్నప్పుడు చూసి ఆయన మాత్ర తగ్గించినాడు. ఇప్పుడు వైన్ లేదు, మాత్రా తక్కువే. రక్తం గడ్డకట్టకుండా ఆపేది ఏముంది? నీ మానం ఆపుతుందా?" ఆమె ఎదుటే ధర్మపురి క్లినిక్‌కు ఫోన్ చేశాను. సాయంత్రం డాక్టరు ఉంటాడు, రమ్మన్నారు. బస్సెక్కమన్నాను.

"రేపు తీర్థమలైలో మొక్కుండాది. అది తీర్చుకొని నేరుగా పోతాం. ఒక్క దినంలో ఏమయితుందిమా, నువ్వు ఊరికే కవలపెట్టి బయపెడతావు" అంది.

తీర్థమలై కొండగుడి మెట్ల దగ్గరే శెట్టియారు చేతిలోని కొబ్బరికాయ జారి పడింది. ఆ వెంటనే ఆయనా పడిపోయారు. మెదడులోకి గడ్డ వెళ్లింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది.

ఆసుపత్రిలో డాక్టరు ఏమేం తీసుకునేవారని అడిగితే, బంధువులందరి ముందు పద్మావతక్క చెప్పింది. "వైన్ పోసినాను. అరిష్టమని చెప్పి నేనే పోసినాను." ఎవరూ నవ్వలేదు. కబురు తెలిసి వెళ్లిన నేను ఆయన పడక పక్కనే ఉన్నాను. మాట పోయిందిగాని వినికిడి బాగానే ఉంది. ఆమె ముఖం మీదున్న ఆయన చూపు మెల్లగా గోడ వైపు తిరిగింది.

"తాగుతారా" అన్న ప్రశ్న నేనిప్పుడు ఎవర్నీ అడగను. పరువైన ఇళ్లలో దానికి ఒకటే జవాబు. నోట్లోకి పోయేవన్నీ సీసాలతో సహా తెమ్మంటాను. మానేశామన్నవాళ్లను అసలు వదలను. మానేసిన సంగతి డాక్టరుకు తెలుసా అని బస్సెక్కేదాకా పోట్లాడతాను. పద్మావతక్కతో కూడా పోట్లాడాను, చాలలేదు.

ఆమె ఇప్పటికీ రోజూ పొద్దున్నే ఆయన్ను చక్రాల కుర్చీలో నా షాపుకు తోసుకొస్తుంది. ఇంట్లో ఆమె మాత్ర ఇస్తే ఆయన నోరు తెరవరు. నేను ఆయన కళ్ల ముందే స్ట్రిప్ చింపి, మాత్ర చూపిస్తే అప్పుడు తెరుస్తారు. నీళ్ల గ్లాసు ఆమె ఇంటి నుంచే తెస్తుంది. గుమ్మం బయట నిలబడి, దాన్ని నాకు అందిస్తుంది.

"నువ్వే పొయ్యిమా" అంటుంది.