మొదటి బంతిలో ఆమె ఆకు

మంగళవారం ఉదయం ఆరూ ఇరవైకి మా తోడికోడలు కన్నుమూసింది. ఎనభై ఒక్క ఏళ్లు. "నిద్రలోనే పోయింది, అదృష్టవంతురాలు" అన్నారు వచ్చినవాళ్లు. నేను ఒప్పుకోను. అక్కయ్యకు అదృష్టం ఇచ్చింది తక్కువ, పట్టుబట్టి తీసుకున్నదే ఎక్కువ.

మా అత్తవారింట్లో విందు జరిగితే మొదటి బంతి మగవాళ్లది, రెండోది పిల్లలది. మేం కూర్చునే వేళకు గుత్తివంకాయ గిన్నెలో నూనె మిగిలేది. నలభై ఆరేళ్ల కిందట, పటమటలో కొత్త ఇంట్లోకి చేరిన రోజున, అక్కయ్య మొదటి బంతిలో తనకూ ఒక ఆకు వేసుకుని మామగారి పక్కన కూర్చుంది.

"ఇదేం చోద్యమే! మగాళ్లింకా ముద్దెత్తకుండానే?" అంది అత్తగారు.

"వండింది నేనే కదా అత్తయ్యా. ఉప్పు చాలిందో లేదో ముందు నాకు తెలియొద్దూ?"

మామగారు ఆకు ముందు నుంచి లేచిపోయారు. అక్కయ్య లేవలేదు. నా వైపు తిరిగి, "చెల్లాయ్, నువ్వూ రా" అంది.

నేనప్పటికే హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. రెండు వైపులా సమానంగా ఉండాలని రోజూ బోర్డు మీద రాసేదాన్ని. ఆ రోజు మాత్రం పప్పు గరిటె పట్టుకుని, "తర్వాత తింటాలే అక్కయ్యా" అన్నాను.

మామగారు నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. నేనూ కూర్చుని ఉంటే ఆ కోపం చెరి సగం అయ్యేది. మొత్తం ఆమే మోసింది.

దెప్పలేదు. పొద్దున్నే అందరికంటే ముందు పేపరు విప్పి, కాఫీ చల్లారేదాకా చదివేది. నేనేదైనా వాయిదా వేస్తే మాత్రం నవ్వేది: "నీ 'తర్వాత' ఇంకా రాలేదుటే?"

ఆ 'తర్వాత' చివరికి ఆమె పెద్దకర్మ రోజున వచ్చింది. మేడమీద బల్లలు వేసి ఆకులు పరిచారు.

"పిన్నీ, ముందు పెద్దవాళ్లని కూర్చోనిద్దాం" అన్నాడు ఆమె కొడుకు. పెద్దవాళ్లంటే మగవాళ్లని అతని ఉద్దేశం.

"నాకు డెబ్బై ఆరురా. నాకంటే పెద్దవాళ్లెవరో చూపించు" అని కూర్చున్నాను. ఆడవాళ్లందరినీ పిలిచాను. నీళ్ల జగ్గుతో నిలబడిన మా కోడలు, "మీరు కానివ్వండి అత్తయ్యా, నేను తర్వాత" అంది.

"ఆ మాట నేను ఒకసారి అన్నాను. చాలు. కూర్చో."

"ఈవిడకి ఆవిడ పూనినట్టుంది" అని వెనక ఎవరో గొణిగారు.

"పూనితే మంచిదేనండీ" అన్నాను, తిరిగి చూడకుండా.

బంతి నిండింది. ఆమె కొడుకు కాసేపు తటపటాయించి పప్పు బకెట్ అందుకున్నాడు. నా ఆకులో వడ్డించి, "ఉప్పు సరిపోయిందా పిన్నీ?" అన్నాడు.

"చాల్లేదు. పట్టుకురా."

ఒకప్పుడు మేం నిలబడినట్టే గోడ వారగా నిలబడ్డ మగవాళ్లను దాటుకుంటూ, అతను ఉప్పు కోసం వెళ్లాడు.