ఒక్కపొద్దు ఉన్న పిల్లి

కొలత లేకుండా తిండి పెట్టి పిల్లిని బరువెక్కించానని పశువుల డాక్టరు ముందర నా మీద నేరం మోపారు. సాక్షి నా కోడలు. ఇంటికి వచ్చాక తిండి కొలిచే గ్లాసు కూడా నా చేతిలోంచి తీసేసుకున్నారు. అప్పీలుకు పోవడానికి పై కోర్టు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను కొలత తప్పేవాణ్నా? పలమనేరు పాలకేంద్రంలో నా ఉద్యోగమంతా కొలతే. రైతులు తెల్లవారకముందే క్యాన్లు తెచ్చి వరస పెడితే, పాలు కొలిచి, వెన్న ఎంతుందో చూసి చెప్పేది నేను. నురగను కూడా పాలకింద కట్టమని బతిమాలినవాళ్లున్నారు, నీళ్లు కలిపి దేవుడి మీద ఒట్టు పెట్టినవాళ్లున్నారు. వాళ్ల మొహాలన్నీ నాకు ఇప్పటికీ జ్ఞాపకమే. ఒక్కరి కోసమూ చుక్క అటూ ఇటూ కానివ్వలేదు. నా బడి చదువు ఐదో తరగతితో ఆగింది. ఇంగ్లీషును మందు సీసాల మీదా దాణా సంచుల మీదా కూడబలుక్కొని, నిఘంటువు పక్కన పెట్టుకొని నేర్చుకున్నాను. అందుకే నా ఇంగ్లీషులో కవిత్వం ఉండదు, మోతాదు ఉంటుంది.

ఈ పిల్లి బెంగుళూరులో ఉద్యోగం చేసే నా మనవరాలిది. బెంగాల్ జాతి. ఒంటినిండా చిరుతపులి మచ్చలు. ఆమె అద్దెకుండే ఇంట్లో జంతువులు కూడదన్నారని బుట్టలో పెట్టి తిరుపతి తెచ్చి మాకు అప్పజెప్పింది. చిరుతలు కొండ దిగి వస్తున్నాయని ఊరు బెదిరి ఉన్న రోజులవి. మా పాలవాడు గేటు బయటే నిలబడి, "అయ్యా, దాన్ని కట్టేసినారా?" అని కేకేసి గానీ లోపలికి అడుగు పెట్టేవాడు కాదు.

కట్టేస్తే ఉండే జాతి కాదు. బీరువా మీది నుంచి కిటికీకి, కిటికీ లోంచి డాబాకి, డాబా మీద నీళ్ల ట్యాంకెక్కి పక్కింటి ట్యాంకు మీదికి. సోఫాలో కునుకు తీసే పిల్లికీ దీనికీ ఒకటే తిండి చాలదు. తిండి సంచి మీది పట్టిక చదివాను. బరువును బట్టి ఇంత, తిరుగుడు ఎక్కువైతే మరికొంత అని ఉంది. పిల్లిని ఎత్తుకొని తూకం మిషనెక్కి, దించి నేనొక్కణ్నే ఎక్కి, తీసివేత చేసి దాని బరువు తేల్చాను. రోజు తిండిని మూడు పూటలకు పంచాను. కోడలు నా చెల్లెలి కూతురే కావడంతో ఆమెకు నేనంటే భయం లేదు.

"పిల్లికి గూడా మెస్సు పెట్టినావా మామా? మా పుట్టింట్లో పిల్లికి ఎవురు కొలిచినారు?"

"అది ఎలకల్ని తిని బతికింది తల్లీ. నీ ఇంట్లో ఎలకలు యాడుండాయి?"

"ఉంటే వాటికీ కొలుస్తావులే!"

వెంకటేశ్వరస్వామికి శనివారాలు చేసే పెరటాసి మాసం వచ్చింది. మా వైపు ఆ నెలంతా చాలా ఇళ్లలో నీచు వండరు. సంచి మీద చేప బొమ్మ ఉందని కోడలు పిల్లి తిండిని వంటగదిలోంచి వెలివేసి మెట్ల కిందికి పంపింది. సంచి వెంట నేనూ వెళ్లాను. మొదటి శనివారం పొద్దున నేను వేసినదాన్ని పిల్లి వాసన చూసి వదిలేసింది. మధ్యాహ్నమూ ముట్టలేదు. పొద్దుగూకాక నాలుగు గింజలు కొరికింది. తర్వాతి శనివారమూ అంతే. జ్వరమేమోనని నేను చెవులు తడిమి చూస్తుంటే, కోడలు వెనక నిలబడి చేతులు జోడించింది.

"మామా, అది ఒక్కపొద్దు ఉండాది! శనివారం ఒంటిపూటే తింటాండాది సూడు."

"పిల్లికి వారాలు తెలుసునా?"

"నీకు భక్తి లేదని దానికీ ఉండగూడదా? నొసట సూడు, నామం!"

నొసట నిలువు చారలున్న మాట నిజమే. అవి ఎన్నో పిల్లులకు ఉంటాయి. ఆ సంగతి నేను చెప్పేలోపే కోడలు ప్రహరీ గోడ దగ్గరికి వెళ్లి పక్కింటావిడకు చెప్పింది. సాయంత్రానికి వీధంతా తెలిసింది. చిరుత అని వణికిన పాలవాడే చెప్పులు విడిచి వచ్చి చూసిపోయాడు.

ఉపవాసాలుండే జీవి చిక్కిపోవాలి గదా. ఇది గుండ్రంగా తయారైంది. ట్యాంకెక్కే ముందు ఆలోచించడం మొదలుపెట్టింది. టీకాకని తీసుకుపోతే, డాక్టరు దాని పక్కలు తడిమాడు. ఎముకలు వేళ్లకు తగలాలట. పైనుంచి చూస్తే నడుము కనిపించాలట. రెండూ లేవు.

"ఇట్లా ఎగిరి దూకే జాతికి బరువు పెరిగితే కీళ్లు పోతాయి. తిండి ఎవరు పెడతారు?" అన్నాడు.

"మా మామేనయ్యా. కొలిచి పెడతాడు" అంది కోడలు, పైకప్పు చూస్తూ.

ఆ సాయంత్రం మనవరాలు ఫోను చేసింది. "తాతా, నువ్వు ప్రేమతోనే పెట్టింటావు, నాకు తెలుసు. కానీ ఒక నెల చూస్తా. తగ్గకపోతే ఈడ నా ఫ్రెండు అడగతా ఉంది, ఇచ్చేస్తా."

ప్రేమతో పెట్టానట! ఇంతకంటే నింద ఉందా? కోపంలో మొదట ఆ మాటే పట్టుకున్నాను. పిల్లి నిజంగానే పోతుందన్నది మర్నాడు పేపరు చదవబోయేటప్పుడు తట్టింది. పేపరు తెరిస్తే చాలు వచ్చి దాని మీద పడుకుంటుంది. నేను చదివింది చాలని దాని అభిప్రాయం. ఆ రోజు దాన్ని లేపలేదు.

కోడలు గ్లాసు తీసుకొని సగమే వేయసాగింది. పిల్లి అరవలేదు, అడగలేదు. నాకు అనుమానం అక్కడే పుట్టింది. ఒకే ఆవున్న రైతు క్యాను ఉన్నట్టుండి నిండి వస్తే, మేం ముందు వాడి బావి గురించి ఆలోచించేవాళ్లం. పెరటాసి చివరి శనివారం, మోకాళ్లు వద్దంటున్నా డాబా ఎక్కి కాపు కాశాను.

పక్కింట్లో ఆ రోజు తళిగ. ఆకులు పరిచి, పొంగలి, పులిహోర, వడలు, పెరుగన్నం స్వామి ముందర రాశి పోసి హారతి ఇచ్చే పూజ అది. లోపల గోవిందా అని కేక వినబడగానే మా పిల్లి ట్యాంకు దిగి వాళ్ల గడపలో కూర్చుంది. పక్కింటావిడ ఆకులో నెయ్యి కారే పొంగలి, పెరుగన్నం తెచ్చి దాని ముందర పెట్టి దండం పెట్టింది. పిల్లి తిని, మూతి తుడుచుకొని, గోడ దూకి అవతలింటి గడపకు చేరింది. అక్కడా ఆకు సిద్ధంగా ఉంది.

"ఏమ్మా! పిల్లికి నెయ్యి పోస్తారా?" పైనుంచే అరిచాను.

"పిల్లికి కాదు పెద్దాయనా, స్వామికి!"

"స్వామికి కీళ్లు పోతాయని డాక్టరు చెప్పినాడు!"

"అపచారం! చెంపలేసుకోండి!"

కిందికి దిగి వచ్చేసరికి పిల్లి మెట్ల కింద తన గిన్నె వాసన చూసి, ఒక్కపొద్దు ఉన్నదానిలా పక్కకు తిరిగి పడుకుంది. కోడలికి చెప్పాను. ఆమె నమ్మలేదు. విచారిస్తే, మిగతా రోజుల్లోనూ ఏదో ఒక ఇంట్లో దానికి పెరుగన్నం జరుగుతోందని తేలింది.

వీధి వాట్సాప్ గుంపులో వినయంగా ఒక విన్నపం రాశాను. ఈ జాతి పిల్లికి ఎంత తిండి అవసరమో, ఎక్కువైతే ఏమవుతుందో, దయచేసి ఎవరూ ఏమీ పెట్టవద్దనీ. జవాబుగా వరసగా జోడించిన చేతుల బొమ్మలు వచ్చాయి. "గోవిందా గోవిందా" అని వచ్చింది. ఒకాయన మా పిల్లి ఫొటోకు పూలదండ వేసి పంపాడు. పెట్టడం మాత్రం ఎవరూ మానలేదు.

చివరికి నేనే పక్కింటికి వెళ్లాను. పిల్లి పక్కలు తడిమి ఎముకలు దొరకడం లేదని చూపించాను. మనవరాలు పెట్టిన గడువు చెప్పాను. "మీ పొంగలి వల్ల మా పిల్లి ఈ వీధిలోనే లేకుండా పోతుందమ్మా" అన్నాను. ఆవిడ అంతా విని, పిల్లిని ఒళ్లో పెట్టుకొని దువ్వుతూ జవాబు చెప్పింది:

"సరే పెద్దాయనా, పెట్టొద్దంటే పెట్టము. ఈదిలో అందురికీ నేనే చెప్తా. పెరటాసి అయిపోయినా శనివారం పూజ, పొంగలి మా ఇంట్లో మానేది లేదు. అదొచ్చి గడపలో కూసుంటే, స్వామీ, నీకు లేదు పో అని నా నోటితో నేను అనలేను. ఆ మాట అనేదానికి శనివారం శనివారం మీరే వచ్చి మా గడపలో కూసోండి."