దేవాంగపిల్లి నిద్రకు కాపలా

నా చిన్నప్పుడు, తొంభైల మొదట్లో, మదనపల్లెలో మా వీధి మొత్తానికి పగటిపూట పండుకునే మనిషి ఒక్కతే ఉండేది. మా పక్కింటి అక్క. ఆసుపత్రిలో నర్సు. ఎక్కువగా నైట్ డ్యూటీలే పడేవి. పొద్దున తెల్లచీర నలిగిపోయి, కండ్లు గుంటలు పడి ఇంటికొచ్చేది. వచ్చీరాగానే అంట్లు, కొళాయి నీళ్లు, బట్టలు ఆమె కోసం కాచుకుని ఉండేవి. కాస్త నడుము వాలిస్తే వాళ్ల అత్త వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టేది. ఆ ముసలామె చెడ్డదేం కాదు. తెల్లారినాక పండుకుంటే ఇంటికి మంచిది కాదని వింటూ పెరిగింది, అంతే.

ఆ ఎండాకాలంలో మా నాన్న కుప్పం పక్క నుంచి టెంపోలో చింతకట్టెలు తెచ్చినాడు. దించుతుంటే ఒక కొమ్మను గట్టిగా పట్టుకుని ఏదో కనిపించింది. పిల్లికూన అంత ఉంది. తోక లేదు, కాళ్లూ చేతులూ పుల్లల్లా సన్నం, ముఖమంతా కండ్లే. దేవాంగపిల్లి అన్నాడు నాన్న. అది చెట్ల మీదే బతుకుతుందని, నేలకు దిగడం తక్కువని చెప్పి, మళ్లీ ఆ పక్క ట్రిప్పు పడినప్పుడు వదిలేస్తానని బుట్ట కింద మూసిపెట్టినాడు.

వీధి పిల్లలమంతా బుట్ట చుట్టూ చేరినాము. అది తలను కాళ్ల మధ్య దూర్చి ఉండలా ముడుచుకుని పడుకునేది. ఆ కండ్లు చూడాలని ఒకరు పుల్లతో కదిలిస్తే, ఇంకొకరు బుట్ట తట్టేవాళ్లు. అది నిదానంగా తలెత్తి, వెలుతురు తగలగానే మళ్లీ ముఖం దాచుకునేది. పాలు పెట్టినాము, అరటిపండు పెట్టినాము. ముట్టలేదు. మరుసటి పొద్దునకు తలెత్తడం కూడా మానేసింది. చచ్చిపోతుందేమోనని నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే అక్క డ్యూటీ నుంచి వచ్చింది. ఎవరినీ కోప్పడలేదు. కోప్పడే ఓపిక కూడా లేదనుకుంటాను. బుట్టను తన గదిలోకి తీసుకుపోయి, కిటికీ మూసి, పైన పాత చీర కప్పింది. నన్ను గడప దగ్గర కూర్చోమంది.

"ఇదీ నా మాదిరి నైట్ డ్యూటీదేనమ్మా. మా వార్డు ఆయాది కుప్పం పక్కే, రాత్రి డ్యూటీలో అడిగినా. రాత్రంతా మేలుకొని పురుగుల్ని ఏరుకొని తింటాదంట. పగలు నిద్ర లేకుంటే బతకదు. ఎవరొచ్చినా నిద్రపోతాండాదని చెప్పు."

అట్లా చెప్పి, బుట్ట పక్కనే చాప మీద ఒరిగింది. జడ కూడా విప్పకుండానే నిద్రపోయింది.

కాసేపటికి అత్త కోడలిని లేపడానికి వచ్చింది. నేను అడ్డంగా కూర్చుని, దేవాంగపిల్లిని లేపితే చచ్చిపోతుందని చెప్పినాను. దాని చూపు తగిలితే అరిష్టమని ఆమెకు భయం. గొణుక్కుంటూ వెనక్కి పోయింది. మధ్యాహ్నం మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. లోపల రెండు ప్రాణాలూ నిద్రపోతున్నాయి. అక్క నిద్రపోతుంటే చూడటం నాకు అదే మొదలు. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలాగా ఉండింది.

పొద్దు గూకే వేళకు చీర కింద ఏదో కదిలింది. అక్క కూడా లేచి, చీర తీసింది. దేవాంగపిల్లి తల బయటపెట్టి గోడ మీది బొద్దింకను చాలాసేపు చూసింది. చెయ్యి కదులుతోందా లేదా అన్నంత నిదానంగా చాచి, టక్కున పట్టి నోట్లో వేసుకుంది. కండ్లు మూసుకుని నమిలింది. అక్క నవ్వింది. ఆ నవ్వులోనూ అలసట ఉండింది గానీ, నవ్వింది.

ఆ రాత్రి ట్రిప్పుకే నాన్న దాన్ని తీసుకుపోయి చింతతోపులో వదిలిపెట్టినాడు. దూకలేదంట, పరుగెత్తలేదంట. ఒక చేతికి పట్టు దొరికినాకే ఇంకో చెయ్యి వదులుతూ కొమ్మల్లోకి ఎక్కిపోయిందంట.

మరుసటి పొద్దున అక్క వచ్చి ఆ గదిలోనే పండుకుంది. ఇప్పుడు సాకు చెప్పడానికి దేవాంగపిల్లి లేదు. అయినా నేను పోయి గడప మీద కూర్చున్నాను. అత్త వచ్చి నిలబడింది.

"అది పొయ్యింది గదమ్మా, ఇంగ యాల కూసున్నావు?"

"అక్క నిద్రపోతాండాదవ్వా," అన్నాను.

ఆమె నన్ను చూసింది, లోపలికి చూసింది. అంట్ల గంప తానే ఎత్తుకుని కొళాయి దగ్గరికి పోయింది. రోజూ అట్లే జరిగిందని చెప్పను. కొన్ని రోజులు జరిగింది.

ఇప్పుడు నా కూతురు రాత్రి షిఫ్టు చేసి తెల్లారి వస్తుంది. పగలు పండుకున్న మనిషిని ఎందుకు పండుకున్నావని నేను అడగను. కుక్కర్ విజిల్ వేయకముందే స్టవ్ తగ్గిస్తాను. ఎవరైనా వస్తే వాకిట్లోనే ఆపి, గొంతు తగ్గించి మాట్లాడతాను. అలిసిపోయి వచ్చిన మనిషికి అంతకంటే ఏం ఇవ్వగలమో నాకు ఇప్పటికీ తెలియదు.