ముంచితేనే అన్న మూర్తి గారు

2022లో నేను డల్లాస్ పక్కన, కాపెల్‌కి దగ్గర్లోని ఒక డయాలిసిస్ సెంటర్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. కిడ్నీలు పనిచేయనివాళ్ళు వారానికి మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు కుర్చీలో కూర్చుంటే, మెషీన్ వాళ్ళ రక్తాన్ని శుభ్రం చేస్తుంది. ఈ ఉద్యోగంలో మనుషుల్ని తీరిగ్గా తెలుసుకోవచ్చు, ఎందుకంటే వాళ్ళు మధ్యలో లేచి వెళ్ళలేరు.

రామచంద్రమూర్తి గారు బ్రిడ్జిలు డిజైన్ చేసి రిటైరైన ఇంజనీరు. ఏదైనా తనకు తేలితే తప్ప ఒప్పుకోరు. ఆయన ఛాతీలో క్యాథటర్ ఉండేది. అంటే రక్తం తీసి తిరిగి పంపడానికి పెద్ద రక్తనాళంలోకి పెట్టిన గొట్టం. అక్కడ తడి తగిలితే ఇన్ఫెక్షన్ నేరుగా రక్తంలోకి పోతుంది. దాని బదులు చేతిలో ఫిస్టులా చేయించుకోమని, అంటే ఆపరేషన్‌తో ధమనినీ సిరనీ కలిపించుకుంటే ట్యూబ్ లేకుండా అక్కడే సూదులు గుచ్చొచ్చని, డాక్టర్లు ఏడాదిగా చెవినిల్లు కట్టుకుని పోరుతున్నారు. "చేతికి కత్తి పెట్టనివ్వను" అని ఆయన భీష్మించుకుని కూర్చున్నారు.

ఒకరోజు బీపీ చూస్తుంటే అడిగారు. "సునీతా, ఈ ట్యూబ్‌తో నీళ్ళలో మునగొచ్చా?"

"స్విమ్మింగా అంకుల్? ఛాన్సే లేదు."

"స్విమ్మింగ్ కాదమ్మా. బాప్తిస్మం తీసుకుందామనుకుంటున్నా."

తలెత్తి ఆయన వైపు చూశాను. శ్రీరామనవమికి మా స్టాఫ్ అందరికీ వడపప్పు పంచిన ఇల్లు వాళ్ళది. ఎనిమిది నెలలుగా ఆ కుర్చీలోనే ఫోన్‌లో బైబిల్ చదువుతున్నారట, ఆదివారాలు ఒక తెలుగు చర్చికి వెళ్తున్నారట. నేనేమో న్యూస్ చదువుతున్నారనుకున్నాను.

ఆ సాయంత్రం ఆయన్ని తీసుకెళ్ళడానికి వచ్చిన భార్య జానకి ఆంటీ సరాసరి నా మీదికి వచ్చింది. "నువ్వే కదా మార్చింది? మీ నాన్న పాస్టరంట కదా!"

 పేషెంట్లకి మత బోధ చేస్తే మా ఉద్యోగం ఊడుతుంది.

"ఆ అమ్మాయిని అనకు జానకీ" అన్నారు మూర్తి గారు. "నన్నెవరూ మార్చలేదు. చదివాను, నమ్మాను. నా తప్పులు నేను కడుక్కోలేను, యేసు కడిగాడని నమ్మాను. అంతే."

ఆంటీ ఆయనకి కోటు తొడిగింది.

అప్పుడు నేనొక తెలివితక్కువ పని చేశాను. మా చర్చిలో పసిపిల్లలకి తల మీద నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇస్తారు. నాకు మూడో నెలలో మా నాన్నే చల్లాడు. ఈయనకీ అలా చల్లితే గొడవ వదిలిపోతుంది కదా అని, ఆయన్ని అడగకుండానే ఆయన పాస్టర్‌కి ఫోన్ చేసి ట్యూబ్ సంగతి చెప్పాను. పేషెంట్ విషయాలు బయటివాళ్ళకి చెప్పకూడదని తెలిసే చెప్పాను. పాస్టర్ సరేనని, ఆదివారం ఆ మాట మూర్తి గారికే చెప్పారు.

సోమవారం మూర్తి గారు కుర్చీలో కూర్చుంటూనే అందుకున్నారు. "నా తరఫున మాట్లాడమని నిన్నెవరడిగారు?"

"సారీ అంకుల్. మీకేమన్నా అయ్యేలోపు అవ్వాలని..."

"మునక్కుండా పోతే దేవుడు తలుపేస్తాడా? నమ్మిన రోజే నేను ఆయన మనిషిని. నీళ్ళెందుకంటే, ఆ మాట నలుగురి ముందూ చెప్పడానికి. నేను మొత్తంగా మునిగే చెప్తా. ఫిస్టులాకి అపాయింట్‌మెంట్ బుక్ చేయి."

అపాయింట్‌మెంట్ బుక్ చేసి, మేనేజర్ దగ్గరికి వెళ్ళి నా తప్పు నేనే చెప్పుకున్నాను. చీవాట్లు పడ్డాయి. వార్నింగ్ లెటర్ కూడా ఇచ్చారు. ఇవ్వాల్సిందే.

మొదటి ఫిస్టులా మూడు వారాలకే గడ్డకట్టి పాడైంది. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం "ఇంకో చెయ్యి ఉందిగా" అన్నారు. రెండోది సూదులు గుచ్చడానికి పనికొచ్చేసరికి మూడు నెలలు దాటింది. రోజూ రబ్బరు బంతి నొక్కుతూ ఆ చేతికి బలం తెచ్చుకున్నారు. తర్వాత క్యాథటర్ తీసేశారు, ఛాతీ మీద గాయం పూర్తిగా మానింది, డాక్టరు సరేనన్నారు. డయాలిసిస్ లేని ఒక శనివారం, చర్చివాళ్ళలో ఒకరింటి స్విమ్మింగ్ పూల్‌లో బాప్తిస్మం పెట్టుకున్నారు. నన్నూ పిలిచారు.

పాస్టర్ "యేసును నీ సొంత రక్షకుడిగా నమ్ముతున్నావా?" అని అడిగితే, "నమ్ముతున్నాను" అని పక్కింటికి వినిపించేలా చెప్పి మునిగారు. జానకి ఆంటీ గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడింది. పక్కనున్న ఒకావిడ ప్రేమగానే అడిగింది, "మరి మీరెప్పుడండీ?"

"ఆయనకి నమ్మకం కుదిరింది, ఆయన మునిగారు" అంది ఆంటీ. "నాకు కుదిరిన రోజున నేనే చెప్తా. ఆయన వెనకాల నేనూ మునిగితే అది నా నమ్మకం అవుతుందా?"

కొందరి మొహాలు మాడిపోయాయి. నీళ్ళు కారుతూ మెట్లెక్కుతున్న మూర్తి గారు మాత్రం, "మా ఆవిడకి మీ అందరికంటే బాగా అర్థమైంది" అని ఆ తువ్వాలు అందుకున్నారు.

పేషెంట్ తరఫున నేను మాట్లాడకూడదని ఆ కేసు నాకు గట్టిగానే నేర్పింది. కానీ ఆంటీ మాట ఇంకా లోతుగా తగిలింది. నలభై ఏళ్ళుగా నాన్న నమ్మకాన్నే నాది అనుకుంటూ చర్చిలో ముందు వరుసలో కూర్చున్నాను. ఆ రోజు కార్‌లో ఒక్కదాన్నే కూర్చున్నాను. స్టార్ట్ చేయకముందే, పైకే, నా నోటితో, "నమ్ముతున్నాను" అన్నాను. నన్నెవరూ అడగలేదు.